మా వీధి కలువ

ఆ వీధిలో చిరుగు కుట్టించాలన్నా, కొత్త గౌను కావాలన్నా టైలరమ్మ గుమ్మం ఎక్కాల్సిందే. ఆమెకు షాపంటూ విడిగా లేదు. ఇంటి ముందుగదే షాపు. కిటికీ కింద మిషను, మిషను పక్కన బల్ల, బల్లను ఆనుకుని అత్తగారి మంచం. తుంటి ఆపరేషను అయిన దగ్గర్నుంచి ఆ పెద్దావిడకు లోకమంతా ఆ మంచమూ ఆ కిటికీయే. దారిన పోయేవాళ్ళను పేరుపేరునా ఆపి పలకరిస్తూ, మధ్యమధ్యలో కోడలు పడేసిన బట్టల్లోంచి కచ్చాకుట్లు లాగేస్తూ పొద్దుపుచ్చేది.

ఆవిడ ఒకప్పుడు టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఆపరేటరు. ఎవరెవరికో మధ్యన కూర్చుని లైన్లు కలపడమే ఉద్యోగం. ఉద్యోగం పోయినా, ఎక్స్చేంజే పోయినా, గొంతు మాత్రం పోలేదు. ఇప్పటికీ ఇంట్లో ఫోను మోగితే "లైన్లో ఉండండి" అనేది. అంచేత వీధి వీధంతా ఆవిడను ఎక్స్చేంజి అమ్మమ్మ అంటారు. కోడలు గలగలా మాట్లాడే మనిషి కాదు. పొద్దస్తమానం పెదవుల మధ్య గుండుసూదులు పెట్టుకుని పనిచేసే అలవాటు వల్లనో ఏమో, సూదులు లేనప్పుడు కూడా ఆమె నోరు మూసుకునే ఉండేది. ఇద్దరికీ బాగా కుదిరింది. ఒకరు మాట్లాడతారు, ఒకరు వింటారు. మిషను చప్పుడు ఆగితే చాలు, "ఏమే, వింటున్నావా?" అని మంచం మీంచి అడిగేది అత్తగారు. "ఊఁ" అనేది కోడలు. అదే వాళ్ళ కాపురం.

ఆ ఇంటికి వచ్చిన తంటా అంతా గుమ్మం ముందు కాలువతోనే. పైన పలక విరిగి ఏ కాలంనాడో లోపలికి కూలిపోయింది. ఓ మోస్తరు చినుకు పడితే చాలు, మురుగునీళ్ళు గడప దాటి పిలవని చుట్టంలా లోపలికి వచ్చేసేవి. అత్తగారిని వెనకగదిలోకి మార్చుదామంటే దానికి మెట్లున్నాయి. వాకరుతో మెట్లెక్కడం ఆవిడవల్ల అయ్యే పని కాదు.

ఆ మధ్య కాలం కాని కాలంలో ఒక వాన పడింది. మర్నాడు ఆడపడుచు వచ్చి, మంచం కోళ్ళ మీద తడి ఎంతవరకూ ఎక్కిందో వంగి చూసింది. ఆమె చెడ్డ మనిషి కాదు. తల్లి అంటే ప్రాణం. నోరు కాస్త పెద్దది, అంతే.

"ఇలాంటిచోట అమ్మను ఎలా ఉంచుతారే? ఈ తడిలో కాలు జారిందంటే ఆ తుంటిని ఇంకోసారి ఎవడు అతుకుతాడు?"

"ఇల్లు తుడిచేశాను వదినా," అంది టైలరమ్మ.

"నువ్వు తుడవలేదన్నానా? చూడు, నేను నిన్నేమీ అనట్లేదు. కానీ ఈసారి వానలు మొదలై నీళ్ళు గడప దాటాయో, ఆ రోజే బండి వేసుకొచ్చి అమ్మను తీసుకుపోతా. మా ఇంట్లో లిఫ్టుంది. నీళ్ళెక్కినా నాలుగో అంతస్తు దాకా ఎక్కవుగా!"

పెద్దావిడ కట్టుడుపళ్ళు తీసి పక్కనున్న గిన్నెలో వేసుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఆవిడ పళ్ళు తీసిందంటే ఇంక ఆ విషయం మీద మాట్లాడదన్నమాట. కూతురింట్లో ఆవిడకు ఇచ్చే గది కిటికీ ఎదురింటి గోడను చూస్తూ ఉంటుంది. అది ముగ్గురికీ తెలుసు.

ఆడపడుచు వెళ్ళాక టైలరమ్మ మిషను ముందు కూర్చుంది గానీ దారం ఎక్కించలేకపోయింది. వదిన అన్న దాంట్లో తప్పేముంది? నిజంగానే కాలు జారితే? కానీ ఆ మంచం ఖాళీ అయ్యాక, మిషను ఆగినప్పుడు "వింటున్నావా?" అని అడిగేవాళ్ళుండరు.

ఆమె భర్త బస్సు డ్రైవరు. ఆదివారం ఇంట్లో ఉన్నప్పుడు మున్సిపాలిటీ వాళ్ళ యాప్ ఒకటి ఆమె ఫోనులో వేసిపెట్టాడు. "ఆఫీసు చుట్టూ తిరగక్కర్లేదట. ఇందులో రాస్తే చాలట," అన్నాడు. 'అట'లు రెండూ ఆమె చెవిన పడ్డాయి. అయినా ఏ పుట్టలో ఏముందోనని మర్నాడు తెరిచింది. చేతినిండా స్కూలు యూనిఫాములు. టైపు చేసే తీరిక లేదు.

"ఇలా తే," అంది అత్తగారు. "ఆ మైకు బొమ్మ నొక్కితే అదే రాసుకుంటుంది కదా. మాట్లాడటం కూడా నాకు నేర్పుతారా!"

పళ్ళు అప్పుడు కూడా గిన్నెలోనే ఉన్నాయి. అలాగే ఫోను దగ్గరపెట్టుకుని, పాతరోజుల్లోలా గొంతు సవరించుకుని సమస్యంతా చెప్పేసింది. టైలరమ్మ నోట్లో సూదులతో, ఒక చేత్తో కాలరు పట్టుకుని, రెండో చేతి వేలితో 'పంపు' నొక్కేసింది. ఏం రాసి ఉందో చూసుకోలేదు.

రెండు రోజులకు జవాబొచ్చింది.

"కలువల సంరక్షణపై మీకున్న ఆసక్తికి ధన్యవాదాలు. మీ విన్నపాన్ని ఉద్యానవనాల శాఖకు పంపించాం."

టైలరమ్మకు ఏమీ అర్థం కాలేదు. పైకి జరిపి తాము పంపింది చదివింది. "మా వీధిలో కలువ పొంగి ఇంట్లోకి వచ్చేస్తోంది. కలువ మీద మూత లేదు. మా ఇంటి ముందు కలువ కంపు భరించలేకపోతున్నాం. దయచేసి వానలు రాకముందే కలువ బాగుచేయించండి."

పళ్ళు లేని నోటికి దీర్ఘం నిలవలేదు. కాలువ కాస్తా కలువ అయి కూర్చుంది.

అక్కడితో అయిపోలేదు. ఆ వారంలోనే ఖాకీ చొక్కా వేసుకున్న తోటమాలి ఒకాయన సైకిలు మీద ఒక బుట్ట కట్టుకుని వచ్చాడు. "కలువలెక్కడమ్మా?" అని గుమ్మంలో నిలబడి అడిగాడు. టైలరమ్మ సిగ్గుతో చచ్చిపోయి, చేత్తో కాలువ చూపించింది. ఆయన వంగి చూశాడు. ముక్కు మూసుకున్నాడు.

"ఇవి నేను పెంచే రకం కాదమ్మా," అన్నాడు చాలా మర్యాదగా.

కిటికీలోంచి అమ్మమ్మ పగలబడి నవ్వింది. ఆయన కూడా నవ్వాడు. కాలువ ఫోటో తీసుకుని, "మురుగు నా శాఖ కాదు. కానీ పైవాళ్ళకి చూపిస్తా," అని మంచినీళ్ళు తాగి వెళ్ళాడు. సాయంత్రానికి యాప్‌లో మరో జవాబు: "సిబ్బంది పరిశీలించారు. సదరు చిరునామాలో కలువలు లేవు. ఫిర్యాదు పరిష్కరించబడింది."

పరిష్కరించబడిందట! టైలరమ్మకు ఏడుపొచ్చింది. ఆకాశం చూస్తే అప్పటికే మబ్బులు ముసురుకుంటున్నాయి.

సరిగ్గా అప్పుడే బేకరీ అమ్మాయి గౌను కొలతలకని వచ్చింది. మూల మీద బేకరీ ఆ పిల్లదే. కొలతలు తీసుకుంటుంటే టైలరమ్మ మొహం చూసి విషయం లాగింది. ఫోను చేతిలోకి తీసుకుని చదివి, చదివి, బల్ల పట్టుకుని నవ్వింది.

"ఆంటీ, ఇది మన వీధి గ్రూపులో పెట్టనా? ప్లీజ్!"

"వద్దు తల్లీ. అత్తయ్యను చూసి నలుగురూ నవ్వితే నాకు బాగుండదు."

"పెట్టవే పిల్లా," అంది మంచం మీంచి అమ్మమ్మ. "నాకు పళ్ళు లేవని తెలియనివాడు ఈ వీధిలో ఎవడున్నాడు?"

ఆ వీధి వాట్సాప్ గ్రూపులో అప్పటిదాకా వచ్చేవల్లా పొద్దున్నే గులాబీలతో శుభోదయాలు, సాయంత్రం ఎవరో పోగొట్టుకున్న తాళంచెవులు. టైలరమ్మ అందులో ఏనాడూ నోరు విప్పలేదు. ఈ మనుషులంతా తలవంచుకుని ఫోనుల్లో చూసుకుంటూ తన ఇంటి ముందు మురుగును దాటిపోయేవాళ్ళేనని ఆమెకు లోలోపల ఒక నిష్ఠూరం కూడా ఉండేది.

బేకరీ అమ్మాయి మున్సిపాలిటీ జవాబునూ, కాలువ ఫోటోనూ పక్కపక్కన పెట్టి, కింద 'మా వీధి కలువ' అని రాసి వదిలింది. ఇక చూడాలి! లెక్కల మేష్టారు తన గేటు ముందు కాలువ ఫోటో తీసి, "మాది ఇంకా బాగా విచ్చుకుంది. వాసన చూసే భాగ్యం మీకు లేదు" అని పెట్టాడు. ఎవరో "మా కలువలో సీసాలు కూడా పూశాయి" అన్నారు. పక్క వీధివాళ్ళకి పాకింది, ఆ పై వీధికీ పాకింది. ఎవరి కలువ వాళ్ళు ఫేస్‌బుక్‌లో పెట్టుకుని మురిసిపోయారు. టైలరమ్మ భర్త బస్సులో ఎవరో ప్రయాణికులు దాన్ని చూసి నవ్వుకుంటుంటే, "అది మా అమ్మే" అని స్టీరింగు దగ్గర్నుంచి గర్వంగా చెప్పుకున్నాడట.

ఒక్క మందుల షాపాయన మాత్రం, "కాలువలో గుడ్డముక్కలు ఎవరు వేస్తున్నారో కూడా చూసుకుంటే మంచిది" అని పెట్టాడు. టైలరమ్మ ఆ పూట అన్నం సగంలో వదిలేసింది. తను ముక్కలన్నీ సంచీలోనే కడుతుందే!

ఇంత నవ్వూ నవ్వి, అసలు పని మాత్రం అంగుళం కదల్లేదు. ఆ యాప్‌లో ప్రతి ఫిర్యాదు కింద 'నాకూ ఇదే ఇబ్బంది' అని ఒక బటన్ ఉంటుందని బేకరీ అమ్మాయి కనిపెట్టింది. ఫిర్యాదును మళ్ళీ తెరిపించి, సరైన మాటతో రాయించింది. ఎక్కువమంది అది నొక్కితే వచ్చే వార్డు సమావేశంలో ఆ విషయం చర్చకు పెట్టాలట. ఆ సమావేశాన్ని అందరూ ఫోనుల్లో చూడొచ్చట కూడా. కానీ గ్రూపులో నవ్వు బొమ్మలు పెట్టినవాళ్ళు కొల్లలు, బటన్ నొక్కినవాళ్ళు పిడికెడు.

"నవ్వితే లైను కలిసినట్టు కాదే," అంది అమ్మమ్మ. "గంట మోగినట్టు, అంతే. అవతలివాళ్ళు ఎత్తాలి. నా పళ్ళు ఇలా అందుకో."

పళ్ళు పెట్టుకుంది. వెనక దిండు వేయించుకుంది. ఫోను చెవికి ఆనించుకుని ఒక్కొక్క ఇంటికీ చేయడం మొదలుపెట్టింది. మిషను తొక్కుతూ టైలరమ్మ వింటూ కూర్చుంది.

"హలో, మేష్టారూ! నేనే. కలువ నేనే. నవ్వారు, సంతోషం. బటన్ నొక్కారా? రేపు చూస్తానంటే ఎలా, ఇప్పుడే నొక్కండి. కళ్ళజోడు ఎక్కడో ఉందా? వెతుక్కోండి. నాకేం తొందర లేదు, నేను లైన్లోనే ఉంటా... నుదుటిమీద చూసుకోండి, అక్కడే ఉంటుంది... దొరికిందా? ఆఁ. ఆకుపచ్చగా అయిందా? శభాష్. ఇప్పుడు మీ ఆవిడ ఫోను తీయండి."

ఎవరినీ వదల్లేదు. యాప్ లేనివాళ్ళ చేత యాప్ వేయించింది. పాస్‌వర్డ్ మరిచిపోయినవాళ్ళతో అది దొరికేదాకా ఓపిగ్గా ఫోనులోనే ఉంది. "లైన్లో ఉండండి" అనేది మానేసి "లైన్లోనే ఉన్నా" అనడం మొదలుపెట్టింది. చివరికి మందుల షాపు నంబరు నొక్కుతుంటే టైలరమ్మ మిషను ఆపేసింది.

"ఆయనకొద్దు అత్తయ్యా."

"ఊరుకో. ఆపరేటరు ఎప్పుడూ మనిషిని చూసి లైను కలపకూడదు... హలో, నాయనా! గుడ్డముక్కల సంగతి రాశావు కదా. మావే అయితే మా కోడలు తీసేస్తుంది, తీసుకుంటుంది బాధ్యత. మరి నీ షాపు అట్టపెట్టెలు కూడా అందులో తేలుతున్నాయట. నువ్వు తీస్తావా, నేను లేచి రావాలా?"

అవతల ఆయన గొంతు సవరించుకున్నాడు. "లైన్లోనే ఉన్నా నాయనా," అంది అమ్మమ్మ.

"నొక్కానమ్మా," అన్నాడాయన.

వార్డు సమావేశం వార్డు ఆఫీసు హాల్లో పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీలు, గోడకు ఒక తెర, ఎదురుగా స్టాండు మీద కెమెరా. టైలరమ్మ వెళ్ళింది, తప్పేదేముంది. వీధి నుంచి ఒకరు మాట్లాడాలన్నారు. మాట్లాడాల్సిన మనిషి మంచం మీద ఉంది. మేష్టారు తానే మాట్లాడతానన్నాడు గానీ, "మీరు మొదలుపెడితే పీరియడు అయ్యాకే ఆపుతారు. ఇంట్లోకి నీళ్ళొచ్చేది ఆంటీకి, ఆంటీయే చెప్పాలి," అని బేకరీ అమ్మాయి మైకు తెచ్చి చేతిలో పెట్టింది.

టైలరమ్మ లేచి నిలబడింది. కెమెరా తనవైపే చూస్తోంది. గుండుసూదులన్నీ గొంతులో ఉన్నట్టు ఒక్క మాట బయటికి రాలేదు. ముందువరుసలో ఎవరో దగ్గారు. అధ్యక్షుడు గడియారం చూసుకున్నాడు.

బేకరీ అమ్మాయి ఫోను తీసి గబగబా నంబరు నొక్కి, స్పీకరు పెట్టి మైకు దగ్గర ఆనించింది. మంచం మీద కూర్చుని సమావేశమంతా ఫోనులో చూస్తున్న అమ్మమ్మ గొంతు హాలంతా నిండింది. పాతకాలపు, పరిచయమైన, తడబాటు లేని గొంతు.

"హలో. ఎక్స్చేంజి నుంచి. మా కోడలు లైన్లో ఉంది. మాట్లాడండి."

హాలు గొల్లుమంది. ఆ నవ్వులో ఎవరి వెక్కిరింతా లేదని టైలరమ్మకు తెలిసింది. తన పక్కన మేష్టారు నవ్వుతున్నాడు, వెనకాల మందుల షాపాయన కూడా నవ్వుతున్నాడు. ఆయన ఎప్పుడొచ్చాడో!

"మాది ఆ కలువ ఇల్లేనండి," అంది టైలరమ్మ. "పూలు ఉన్నాయేమోనని వచ్చి, లేవని రాసి వెళ్ళారు. పూలు లేవు నిజమే. నీళ్ళున్నాయి. ఇందాక మాట్లాడిన మనిషి మంచం ఆ నీళ్ళ మధ్యలోనే ఉంటుంది. ఈ వానల్లో నీళ్ళు గడప దాటితే మా వదిన ఆమెను తీసుకెళ్ళిపోతానంది. మా వదిన తప్పేం లేదు. నేనయినా అదే అంటాను. కానీ..." ఆగింది. "కానీ ఆమె లేకపోతే నా మిషను చప్పుడు ఒక్కటే మిగులుతుందండి ఆ గదిలో. అందుకని అడుగుతున్నాను."

అంతకుమించి చెప్పలేక కూర్చుండిపోయింది.

మురుగు శాఖ ఇంజనీరు ఒక నడివయసు ఆవిడ. లేచి, "ముందు క్షమించమని అడగాలి. చదవకుండా మూసేశాం," అంది. "మా తోటమాలి ఫోటో తెచ్చి నా బల్లమీద పెట్టి, ఇది మీ పువ్వే మేడమ్ అన్నాడు. యాప్‌లో ఆ బటన్ కూడా నొక్కాడట. వానలకు ముందే పని మొదలుపెడతాం. కానీ తీయించడం మా వంతు. మళ్ళీ నిండకుండా చూసుకోవడం మీ వంతు."

మాట నిలబెట్టుకున్నారు. మనుషులొచ్చారు, యంత్రం వచ్చింది. విరిగిన పలక ముక్కలు ముందు, తరవాత చెప్పుకోలేనివన్నీ పైకొచ్చాయి. సీసాలు, మందుల షాపు అట్టపెట్టెలు, ఎవరిదో చెప్పు. వాటి మధ్యలో ఆకుపచ్చ లైనింగు ముక్క ఒకటి. టైలరమ్మ దాన్ని చూసిన వెంటనే గుర్తుపట్టింది. సంచీ మూతి సరిగా కట్టని రోజెప్పుడో గాలికి ఎగిరిపోయి ఉంటుంది. మొహం ఎర్రబడింది. ఎదురుగా మందుల షాపాయన తన పెట్టెను తను చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"మీదొకటి, నావి నాలుగు," అన్నాడాయన. "మీరే గెలిచారమ్మా."

కొత్త పలకలు వేశారు. ఆ వారమే వాన మొదలైంది. మొదలవడం మామూలుగా కాదు, కుండపోత. టైలరమ్మ మిషను ఆపేసి గుమ్మంలో నిలబడి గడపనే చూస్తోంది. నీళ్ళు వీధంతా నిండి, మెట్టు అంచును తాకి, కాసేపు ఎటు పోవాలా అని ఆలోచించినట్టు ఆగాయి. తరవాత నీళ్ళు పక్కకు తిరిగి, పలకల సందుల్లోంచి గలగలా కాలువలోకి దిగిపోయాయి.

గ్రూపులో అప్పటికే మేష్టారు వీడియో పెట్టాడు: "దిగుతోంది! దిగుతోంది!" బేకరీ అమ్మాయిది ఒకటి. ఆ వెనకే మందుల షాపాయన తన షాపు ముందు చీపురు పట్టుకుని సందుల్లో ఆకులు తోస్తున్న ఫోటో. ఎవరెవరో, ఏ మేడమీంచో, ఏ కిటికీలోంచో అందరూ ఒకే కాలువను చూస్తున్నారు. టైలరమ్మ గుమ్మాన్ని పట్టుకుని ఆ ఫోటోలన్నీ ఒక్కొక్కటీ చూసింది. ఇన్నాళ్ళూ తలవంచుకుని దాటిపోయేవాళ్ళని తను మూటగట్టుకున్న నిష్ఠూరం ఎక్కడుందా అని లోపల వెతుక్కుంటే కనపడలేదు. అది కూడా ఆ చెత్తతోబాటే ఎత్తుకుపోయినట్టున్నారు. గ్రూపులో మొదటిసారిగా ఒక మాట టైపు చేసింది: "మీ అందరికీ నేను ఏమిచ్చుకోగలను. ఎవరి చొక్కాకి గుండీ ఊడినా నా దగ్గరికి తెండి."

అప్పుడే ఫోను మోగింది. ఆడపడుచు.

"టీవీలో చూస్తున్నా, మీవైపే దంచేస్తోందట. నీళ్ళొచ్చేశాయా? ఆయన్ని బండి తీయమన్నాను. అమ్మ బట్టలు సర్ది ఉంచు. మందులు మరిచిపోకు. వింటున్నావా?"

"లైన్లో ఉండండి వదినా," అంది టైలరమ్మ.

చెయ్యి చాచి ఫోనును కాలువ పలకల మీదుగా పట్టుకుంది. జాకెట్టు చెయ్యి మోచేతిదాకా తడిసింది. కింద నీళ్ళు గలగలమంటూ పోతున్నాయి. చాలాసేపు అలాగే పట్టుకుని, తుడిచి మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.

అవతల వదిన ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినపడింది.

"అమ్మ పళ్ళు పెట్టుకుందా?" అంది చివరికి.

టైలరమ్మ గదిలోకి చూసింది. దిండుకు ఆనుకుని, కిటికీలోంచి వానను చూస్తూ, అత్తగారు చెవి దగ్గర ఇంకో ఫోను పెట్టుకుని ఉంది. "హలో, తోటమాలి గారేనా? మీ కలువ గురించి చెబుదామని..." అంటోంది. నోటినిండా పళ్ళు మెరుస్తున్నాయి.

"పెట్టుకుంది వదినా," అంది టైలరమ్మ. "లైను ఇప్పట్లో ఖాళీ లేదు."